పిచ్చుక టీవీకెక్కిన రోజు

పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో రెండు పోట్లాటలు నడుస్తున్నాయి. ముందు గదిలో ముసలావిడ నోరు మూసుకుని పోట్లాడుతోంది. లోపలి గదిలో కోడలు ఇస్త్రీపెట్టె పట్టుకుని పోట్లాడుతోంది. ఆ రెంటికీ మధ్య గడప మీద కేబులతను నిలబడి ఉన్నాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టుంది అతని పరిస్థితి.

నాలుగు వీధులకి తీగలు లాగి టీవీలు ఆడించే మనిషి కాబట్టి అందరూ అతన్ని కేబులతను అనే అంటారు. కన్నతల్లి కూడా పరాయివాళ్ళ దగ్గర ‘మా కేబుల్’ అనే చెబుతుంది. ఆ తల్లి నిన్న సాయంత్రం నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.

నిన్న సాయంత్రం ఆ ప్రకటన వచ్చింది. ప్రకటన అంటే ఎంతని, రెప్ప వేసి తీసేంత. తెర నిండా మనవరాలి మొహం, వెనక యాంకరమ్మ గొంతు. పుట్టిన క్షణంలోనే ఈ చిట్టి చెయ్యి ఎందుకు పడిపోయింది, దాని వెనక దాగిన నిజం ఏమిటి, రేపు ఉదయం పదకొండు గంటలకి ప్రత్యక్ష ప్రసారంలో చూడండి అంది. ‘దాగిన నిజం’ అన్న మాట చెవిన పడగానే ముసలావిడ మంచమెక్కి గోడవైపు తిరిగింది. తెల్లారినా ఇటు తిరగలేదు.

ఈ గొడవకి మూలమైన మనవరాలు మాత్రం ఇస్త్రీబల్ల కింద దూరి బొమ్మలు గీసుకుంటోంది. ఆరేళ్ళది. ఒకచోట నిలవదని పిచ్చుక అన్నారు, అదే పేరు ఖాయమైపోయింది. కుడిచెయ్యి భుజం దగ్గర్నుంచి వాలిపోయి, మోచెయ్యి లోపలికి తిరిగి ఉంటుంది. ముద్ద తీసుకుంటే నోటిదాకా రాదు. ఉన్న పనులన్నీ ఎడమచేత్తోనే చక్కబెట్టేస్తుంది. బడిలో పక్కవాళ్ళని గిల్లడం కూడా ఆ పనుల్లో ఒకటి.

కోడలు ఇస్త్రీ చేస్తున్నది చేతుల్లేని గౌను. ఇవాళ్టి గొడవ అక్కడ మొదలైంది.

“చేతులున్న గౌనే లేదా ఆ పిల్లకి?” అంది ముసలావిడ, గోడతో చెబుతున్నట్టు.

“ఉన్నాయత్తయ్యా. బీరువా నిండా అవే ఉన్నాయి. మండుటెండల్లో కూడా అవే వేశాను.”

“మరి ఇవాళేం వచ్చింది?”

“దాని చెయ్యి చూద్దామనే కదా వాళ్ళు పిలిచింది,” అంది కోడలు. ఇస్త్రీపెట్టె మాత్రం ఆగలేదు.

ఆ ఇంట్లో ఆ చేతికి ఒక కథ ఉంది. అల్లింది ముసలావిడే. కాన్పై ఇంటికొచ్చిన బాలింత ఒళ్ళు తెలియని నిద్రలో పసిగుడ్డు చెయ్యి మీదికి ఒరిగిపోయిందట, అప్పట్నుంచీ ఆ చెయ్యి అలా అయిపోయిందట. ఆ కథ అడిగినవాళ్ళకీ చెప్పింది, అడగనివాళ్ళకీ చెప్పింది. నాలుగు వీధులూ నమ్మాయి. పాలు పోసే మనిషి దగ్గర్నుంచి పక్కింటి పిన్నిగారి దాకా, ఆ తల్లిని చూస్తే పసిపిల్లని నలిపేసిన మనిషి అనే చూసేవారు. ఆఖరికి ఆ తల్లి కూడా నమ్మింది. నమ్మి, బిడ్డ పక్కన పడుకోవడం మానేసింది. మంచం మీద పిల్ల, కింద చాప మీద తను. పిచ్చుక నిద్రలో అమ్మా అని కలవరిస్తే కింద నుంచే చెయ్యి చాచి పిల్ల పాదం పట్టుకునేది. మంచం మాత్రం ఎక్కేది కాదు.

పోయిన నెల పిల్లల నరాల డాక్టరు పిచ్చుక మెడా భుజమూ తడిమి చూసి, ఇది నిద్రలో నలిగితే వచ్చేది కాదమ్మా అన్నాడు. కాన్పులో తల బయటికొచ్చాక ఒక్కోసారి భుజం లోపల ఇరుక్కుంటుంది, అప్పుడు తల పట్టి లాగితే మెడ దగ్గరి నరాలు సాగిపోతాయి, ఇది పుట్టుకలో తగిలిన దెబ్బ అన్నాడు. చాలామంది పిల్లలకి దానంతటదే సర్దుకుంటుందట. సర్దుకోని పిల్లల్ని మొదటి నెలల్లోనే తీసుకొస్తే చెయ్యగలిగింది చాలా ఉంటుందట. మీరు ఇంత ఆలస్యంగా ఎందుకొచ్చారని అడిగాడు. కోడలు ఆ ఆసుపత్రి మెట్ల మీదే కూలబడి, వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నా పట్టించుకోకుండా ఏడ్చింది.

ఇంతకీ ఆ రోజు కాన్పు చేసింది ఎవరో పరాయి మనిషి కాదు. సొంత వదినే, కేబులతని అక్క. మూడో వీధి చివర ఆసుపత్రిలో నర్సు. పోయిన వారం ఆవిడ ఇంటికొచ్చినప్పుడు మరదలు వంటింటి గుమ్మంలో నిలబెట్టి, ఆ రోజు ఏం జరిగింది వదినా అని అడిగింది. వదిన సంచి తీసుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ ఈ గుమ్మం తొక్కలేదు.

ఆ మౌనం చూశాకే కోడలు, ఆ డాక్టరు ద్వారా కబురు పెట్టిన టీవీ వాళ్ళకి వస్తానని మాటిచ్చింది. ఇంకెన్ని ఇళ్ళల్లో ఎందరు తల్లులు కింద చాపల మీద పడుకుంటున్నారో, ఒక్కరైనా విని బిడ్డని ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తితే చాలంది. తన పేరు మీద పడ్డ నింద తుడిచేసుకోవాలని కూడా ఉంది. ఆ మాట దాచుకోలేదు, మొగుడి మొహం మీదే చెప్పింది.

ఇక్కడ కేబులతని నిర్వాకం ఒకటి చెప్పుకోవాలి. అతనికి సొంతంగా ఒక చిన్న ఛానెల్ ఉంది. పాత సినిమాలు వేస్తాడు, తెర అడుగున ఇల్లు అద్దెకివ్వబడును, కుక్క తప్పిపోయింది లాంటి అక్షరాలు పరిగెత్తిస్తాడు. టీవీ వాళ్ళు వచ్చి వెళ్ళినప్పుడు, ఏదో పిల్ల వ్యాయామాల గురించి, దాని హుషారు గురించి చూపిస్తారు కాబోలనుకుని తెగ ఉబ్బిపోయాడు. ‘మన పిచ్చుక టీవీలో, ఉదయం పదకొండు గంటలకి, తప్పక చూడండి’ అని రాయించి మూడు రోజులు ఏకధాటిగా నడిపించాడు. భార్య అక్కడ ఏం మాట్లాడబోతోందో అడగాలని తోచలేదు. అతనికి అడిగే అలవాటు తక్కువ. నిన్నటి ప్రకటన చూశాక పరిగెత్తుకెళ్ళి ఆ అక్షరాలు తీసేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? నాలుగు వీధులూ ఇవాళ టీవీల ముందు చాపలేసుకుని కూర్చున్నాయి. మంగలి షాపతను పన్నెండు దాటాక రండని గడ్డాలవాళ్ళని వెనక్కి పంపేస్తున్నాడట.

సందు మొదట్లో కారు ఆగి హారన్ కొట్టింది.

భార్య పిచ్చుకకి గౌను తొడిగి, జుట్టు దువ్వి, భర్తవైపు తిరిగింది. అతనింకా ఇంట్లో వేసుకునే చొక్కాలోనే ఉన్నాడు.

“మీరు తయారవలేదేం?”

“వెనక వీధిలో లైను పోయింది. చూసుకుని వెనకాలే వచ్చేస్తాను.”

ఆమె గోడకి ఆనించి ఉన్న నిచ్చెన వైపు చూసింది. లైను పోయిందంటే ఆ నిచ్చెన ఇంట్లో ఉండదు. ఆ సంగతి ఆమెకెంత తెలుసో అతనికీ అంతే తెలుసు.

“వదిన పేరు చెప్పేస్తానని భయమా?” అంది.

అతను నేల చూపులు చూశాడు.

“ఇన్నేళ్ళు నన్ను అనరాని మాటలన్నారు. అది కాదేమో అని మీరు ఒక్కనాడూ అనలేదు. పోనీ, ఇవాళైనా పక్కన కూర్చుంటారనుకున్నాను.”

గొంతు పెంచి అన్నా బాగుండేది. మామూలుగా, సరుకులు తెమ్మని చెబుతున్నట్టే అంది. పిచ్చుక మధ్యలో దూరి, నాన్నా నువ్వు నన్ను మన కేబుల్ డబ్బాల గదిలో చూస్తావా అని అడిగింది. చూస్తానమ్మా అన్నాడు. ఆ పొద్దున అతని నోట వచ్చిన నిజం అదొక్కటే.

కారు కదిలిన చప్పుడు వినబడగానే ముసలావిడ గోడవైపు నుంచి ఇటు తిరిగింది.

“వెళ్ళిందా?”

“ఆఁ.”

“అయితే కూర్చో. ఆ ఛానెల్ ఒక్కటి, ఆ ఒక్క గంట ఆపెయ్యి. తీగ తెగిందను, కోతి లాగేసిందను, నీ ఇష్టం.”

అతను నచ్చజెప్పబోయాడు. అది తన చేతిలో పని కాదు, ఊరూరా వస్తుంది, ఇక్కడ ఆపినంత మాత్రాన ఆగేది కాదు అన్నాడు.

“ఊరూరా చూసుకోనీ, ఎవడొద్దన్నాడు? వాళ్ళకి మనమెవరో తెలీదు. మనల్ని ఎరిగింది ఈ నాలుగు వీధులే. అక్క ఆసుపత్రి హాల్లో ఆడే టీవీ నీ తీగ మీద కాదూ?”

కాదనడానికి లేదు. ఆ తీగ లాగింది తనే. హాల్లో కూర్చునే గర్భిణులకి కాలక్షేపంగా ఉంటుందని అక్కే అడిగి పెట్టించుకుంది.

ముసలావిడ పాత సంగతులు ఎత్తుకుంది. నాన్న పోయినప్పుడు వీడికి నిక్కరు ఊడకుండా పట్టుకోవడం కూడా రాదు. అక్క చదువుకుంటూనే వీడిని చదివించింది, పెళ్ళి మాట ఎత్తితే తమ్ముడు నిలదొక్కుకోనీ అంది, ఆ నిలదొక్కుకోవడం అయ్యేసరికి ఆమెకి పెళ్ళి వయసు దాటిపోయింది. మేడ మీద మొదటి డిష్ బిగించిన రోజు డ్యూటీ నుంచి తిన్నగా వచ్చి, తమ్ముడితోపాటు ఎండలో నిలబడి బోల్టులు అందించింది. ఇవన్నీ అతనికి ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేదు. 

“ఇంటిగుట్టు లంకకి చేటు అంటారు. రేపు దాన్ని పనిలోంచి గెంటేస్తే ఈ వయసులో ఎక్కడికి పోతుందిరా? నీ పెళ్ళాం ఇస్తుందా ఉద్యోగం?”

“ఊఁ,” అన్నాడతను.

ఆ ఊఁకి అర్థం సరేనా, వింటున్నాననా, అతనికే తెలియదు. తల్లి మాత్రం సరే అనే తీసుకుంది. లేచి కూర్చుని, చెంబెత్తి గడగడా నీళ్ళు తాగింది. ఆ నీళ్ళు దిగాక ఇంక అతను వెనక్కి తగ్గడానికి లేకపోయింది.

డబ్బాల గది సైకిలు షాపు మీద మేడలో ఉంది. ఇరుకు మెట్లు. గోడ పొడవునా ఇనప అరలు, అరల నిండా పెట్టెలు. ఛానెలుకో పెట్టె, పెట్టెకో ఎర్ర దీపం. ఫ్యాన్లు ఎన్ని తిరిగినా గదిలో వేడి తగ్గదు. అతని కుర్చీ ముందు ఒక చిన్న టీవీ ఉంటుంది. డిష్ నుంచి వచ్చిన బొమ్మ వీధుల్లోకి వెళ్ళేముందు అందులో పడుతుంది. పెట్టె స్విచ్ ఆపితే నాలుగు వీధుల్లోనూ ఆ ఛానెల్ పోతుంది, ఈ చిన్న టీవీలో మాత్రం ఆడుతూనే ఉంటుంది. బాగున్నదీ లేనిదీ చూసుకోవడానికి పెట్టుకున్న ఏర్పాటు అది.

అటూ ఇటూ తిరిగి, పదకొండు దాటాక అతను మెట్లెక్కేసరికి కార్యక్రమం మొదలైపోయింది. మూడు కుర్చీలు వేశారు. ఒకదాంట్లో ఆ నరాల డాక్టరు, ఒకదాంట్లో భార్య, ఆమె ఒళ్ళో పిచ్చుక. మూడోది ఖాళీ. ఎవరికీ తీసేయాలని తోచలేదో, కావాలనే ఉంచారో గాని, కెమెరా అటు తిరిగినప్పుడల్లా ఆ కుర్చీ కనబడుతూనే ఉంది. అతనికి కుర్చీలో కూర్చోబుద్ధి కాక నిలబడే చూశాడు.

చెయ్యి ఎంతవరకు లేస్తుందో చూపించమ్మా అంది యాంకరమ్మ. పిచ్చుక పళ్ళు బిగించి ఎత్తింది. భుజం పైకి ఎగబాకింది గాని చెయ్యి రొమ్ముదాకా వచ్చి ఆగిపోయింది. అయ్యో పాపం అంది యాంకరమ్మ.

“పాపం ఏం కాదు. ఎడంచేత్తో బొమ్మలేస్తాను. నీది వెయ్యనా?” అంది పిచ్చుక.

అతనికి నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుంటుంటే మెట్ల మీద అడుగుల చప్పుడైంది. అక్క. ఒంటి మీద యూనిఫారం అలాగే ఉంది. డ్యూటీ మధ్యలో వచ్చేసినట్టుంది, ఆయాసంతో గోడ పట్టుకుని నిలబడింది.

“అక్కడ హాల్లో అందరూ చేరారు. డాక్టరమ్మ కూడా వచ్చి నిలబడింది. వాళ్ళ మధ్య ఉండలేకపోయాను,” అంది.

ఆపావా లేదా చూడ్డానికి అమ్మే పంపిందనుకున్నాడు. భయపడకక్కా, నేను చూసుకుంటాను అన్నాడు. ఆమె వింటున్నట్టు లేదు. కళ్ళు టీవీకి అతుక్కుపోయాయి.

తెర మీద డాక్టరు తాపీగా చెబుతున్నాడు. ఇలాంటివన్నీ ఎవరో చేసిన తప్పే అనుకోకండి, భుజం ఇరుక్కున్నప్పుడు క్షణాల్లో బిడ్డని బయటికి తియ్యకపోతే ప్రాణానికే ముప్పు అన్నాడు. కాని పుట్టిన బిడ్డ ఒక చెయ్యి ఆడించకపోతే అదే పోతుందిలే అని ఊరుకోవద్దు, ఎందుకు ఆడించడం లేదో చెప్పమని అడగండి, అడగడం మీ హక్కు అన్నాడు. తరవాత భార్య చాప సంగతి చెప్పింది. ఆరేళ్ళు బిడ్డ పక్కన పడుకోలేదంది. పిచ్చుక తల వెనక్కి వంచి అమ్మ మొహం వంక వింతగా చూసింది. ఆ పిల్లకి ఈ సంగతి ఎవరు చెప్పారు కనక?

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

యాంకరమ్మ ముందుకి వంగింది. ఇంత దాచారంటే ఎవరో ఒకరు ఉండే ఉంటారు కదా అంది.

“ఆ రోజు మీకు కాన్పు చేసింది ఎవరు? ఈ వేదిక మీద చెప్పండి.”

కేబులతను స్విచ్ నొక్కేశాడు. ఎర్ర దీపం ఆరిపోయింది.

క్షణం గడవలేదు, బల్ల మీది ఫోను మోగింది. తీస్తే కిరాణా కొట్టతను. ఇంటిల్లిపాదీ కూర్చుని చూస్తుంటే సరిగ్గా ఇప్పుడే పోయిందేమిటయ్యా అన్నాడు. పెట్టేశాడో లేదో ఇంకొకరు. కింద నుంచి సైకిలు షాపతను మెట్ల దగ్గరికొచ్చి అరుస్తున్నాడు. నీ పెళ్ళాం ప్రోగ్రామే నువ్వు ఆపేసుకున్నావా ఏం అన్నాడొకాయన. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, గాలికి పోయింది, గాలికి అన్నాడితను. కిటికీలోంచి చూస్తే వీధిలో ఆకు కదలడం లేదు. భోజనానికి పిలిచి తలుపేసుకున్నవాడి మీద ఎంత కోపం వస్తుందో అంతా ఆ ఫోనులోంచి వచ్చింది.

అయిదో ఫోను తల్లిది. పక్కింటి నుంచి చేసింది.

“పోయింది, మంచి పని చేశావు,” అంది గుసగుసగా. వెంటనే, “ఇంతకీ అది ఏమందిరా?” అంది.

ఏమందో అతను అప్పుడు చూశాడు. ఈ ఫోన్ల గోలలో కూడా చిన్న టీవీ ఆడుతూనే ఉంది. భార్య అంతసేపూ పిచ్చుక గౌను మడతలు సర్దుతూ ఉండిపోయింది. యాంకరమ్మ మళ్ళీ రెట్టించింది. అప్పుడు భార్య తలెత్తింది.

“ఆ పేరు నేను చెప్పను. నేను ఎవరి ఉద్యోగం తియ్యడానికీ రాలేదమ్మా. ఆ మనిషి నాకు పురుడు పోసి, నాకు స్నానం చేయించి, నా బిడ్డని ఎత్తుకుని ఆడించిన మనిషి. ఇప్పటికీ ఈ పిల్లకి ఆవిడంటే ప్రాణం. నాకు కావాల్సింది ఒక్కటే. నా వల్ల కాదని ఒక్కసారి ఆవిడ నోటితో అనాలి.”

కేబులతను ఫోను ఎప్పుడు పెట్టేశాడో అతనికే తెలియదు. చెప్పని పేరుని దాచడానికి నాలుగు వీధులకీ బొమ్మ ఆపాడు. ఇప్పుడు ఆమె ఏదో ఘోరం అనేసే ఉంటుందని, అందుకే మొగుడు ఆపేశాడని వీధంతా అనుకుంటూ ఉంటుంది. నింద తుడుచుకుందామని వెళ్ళిన మనిషి నెత్తిన తను ఇంకొకటి పెట్టాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

“పెట్టరా,” అంది అక్క.

స్విచ్ వేశాడు. దీపం వెలిగింది, ఫోన్లు సద్దుమణిగాయి.

అక్క స్టూలు లాక్కుని కూర్చుంది. అతను అడగలేదు. ఆమే చెప్పింది, తెర వంకే చూస్తూ.

“తల వచ్చింది, భుజం రాలేదు. డాక్టరమ్మ దారిలో ఉంది. పిల్ల మొహం నీలంగా అయిపోతోంది. లాగాను. అంత గట్టిగా లాగాలా అని ఇప్పటికీ నిద్ర పట్టదు. ఏడుపు వినబడ్డాక బతికిందిలే అనుకున్నాను. చెయ్యి ఆడటం లేదని నేనే ముందు చూశాను. నార్మల్ అనే చెప్పు, అదే తగ్గుతుంది అంది డాక్టరమ్మ. అలాగే చెప్పాను.”

“మరి అమ్మ ఆ కథ చెప్పినప్పుడు?”

“అమ్మకి అనుమానం వచ్చింది, నన్ను కాపాడదామని అల్లింది. నేను కాదనలేదు. మీ ఇంటికొచ్చినప్పుడల్లా ఆ చాప చూస్తూనే ఉన్నాను, తమ్ముడూ. చూసి, ఏదైనా తినడానికుందా అని అడిగి, తిని వెళ్ళిపోయేదాన్ని.”

అతనికి కోపం రావాలి, వస్తోంది కూడా. కాని ఆ ఎండలో బోల్టులు అందించిన చేతులు ఎదురుగా ఒళ్ళో పడున్నాయి. తనూ ఆ చాప చూశాడు, తనూ ఏమీ అడగలేదు. ఎవరి మీదని అరుస్తాడు?

తెర అడుగున ఫోను నంబరు పరిగెడుతోంది. మీ సందేహాలకి ఈ నంబరుకి చెయ్యండి అంటోంది యాంకరమ్మ. అక్క చెయ్యి చాచింది.

“నీ ఫోనివ్వు. నాది లాకర్లో ఉండిపోయింది.”

“అక్కా, వద్దు. ఆమె పేరు చెప్పలేదు కదా. ఇంటికెళ్ళి చెబుదువుగాని. కాళ్ళు పట్టుకుందాం, ఇద్దరం పట్టుకుందాం. ఆసుపత్రి హాల్లో అందరూ ఉన్నారన్నావు.”

“ఇంట్లో చెబితే ఇంట్లోనే ఉంటుంది. ఈ నాలుగు వీధులకీ ఎవరు చెబుతారు? అమ్మ చెబుతుందా?”

బల్ల మీది ఫోను తనే తీసుకుంది. తెర చూసి ఒక్కొక్క అంకే నొక్కింది. అవతల ఎవరో ఎత్తారు. ఆ రోజు డ్యూటీలో ఉన్న నర్సుని మాట్లాడుతున్నాను అంది.  అవతల హడావుడిగా ఏవేవో గొంతులు. లైనులో ఉండండి, మీ టీవీ సౌండు తగ్గించండి అన్నట్టుంది, అక్క తమ్ముడికి సైగ చేసింది. అతను చిన్న టీవీ గొంతు నొక్కేశాడు. గదిలో ఫ్యాన్ల రొద మాత్రం మిగిలింది.

“హలో,” అంది అక్క. “వినబడుతోందండి.”

తెర మీద యాంకరమ్మ ఇంకా డాక్టరుతో మాట్లాడుతూనే ఉంది. అతనికిది కొత్త కాదు. స్టూడియోలో అన్న మాట ఆకాశానికి వెళ్ళి, కిందికి దిగి ఈ డబ్బాలోకి రావడానికి పావు నిమిషం పైనే పడుతుంది. అక్క గొంతు ఇప్పుడు స్టూడియోలో వినబడుతోంది. వీధుల్లోకి ఇంకా రాలేదు. రాకుండా చెయ్యగలిగినవాడు ప్రపంచం మొత్తం మీద ఒక్కడే, వాడి వేలు స్విచ్ మీదికి వెళ్ళింది.

“నా పేరడగకండమ్మా, చెప్పక్కర్లేదు. ఆ పిల్లకి మేనత్తని. ఆ చెయ్యి వాళ్ళమ్మ నిద్రలో నలిపింది కాదు. నేను లాగినప్పుడు పోయింది. నాకు ఆ రోజే తెలుసు.”

అక్క ఏడవడం లేదు. ఆసుపత్రిలో రోగి పేరు పిలిచినంత స్పష్టంగా చెప్పింది. చెప్పి, వింటున్నావా మరదలా అని అడిగింది.  అక్క ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. 

చిన్న తెర మీద మాత్రం ఇంకా ఏమీ జరగలేదు. యాంకరమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, మనకి ఒక కాల్ వచ్చింది అన్నట్టు పెదవులు కదిపింది. భార్య పిచ్చుక చెయ్యి తన అరచేతిలో పెట్టుకుని నిమురుతోంది. మొహం అలిసిపోయి ఉంది, ప్రశాంతంగానే ఉంది. ఆరేళ్ళుగా దాచిన మాట ఆమె అక్కడ ఈపాటికి వినేసింది. విని ఏం చేసిందో, లేచి వెళ్ళిపోయిందో, పిల్లని గుండెకి అదుముకుని ఏడుస్తోందో, అతనికి ఇంకా తెలియదు.

ఆ మాట వీధుల్లోకి రావడానికి ఊపిరి తీసినంత సేపుంది. స్విచ్ నొక్కితే అక్క ఉద్యోగం ఈ నాలుగు వీధుల్లో దక్కుతుందేమో. నొక్కకపోతే భార్య ఈ నాలుగు వీధుల్లో తలెత్తుకుని నడుస్తుంది.

అక్క ఫోను చెవి దగ్గరే ఉంచుకుని అతని వేలి వంక చూసింది. ఆపమనలేదు, ఉంచమనలేదు. అక్క గొంతు చెవిన పడ్డట్టు, తెర మీద భార్య తలెత్తింది.